ఓడ ఎందుకు మునిగింది?

ఆంగ్ లీ తీసిన ‘లైఫ్ ఆఫ్ పై’ 2012 నవంబరులో మన దేశంలో విడుదలైంది. చూసినవాళ్లు అప్పుడూ ఇప్పుడూ ఒక్క ప్రశ్న దగ్గరే పోట్లాడుకుంటున్నారు: పడవలో నిజంగా పులి ఉందా, లేదా? ఉందన్నవాళ్లు ఆస్తికులు, లేదన్నవాళ్లు నాస్తికులు అన్నట్టు జట్లు కూడా కట్టేశారు. ఈ కథ వింటే దేవుడి మీద నమ్మకం కలుగుతుందని సినిమా మొదట్లోనే ఒక పాత్ర చేత చెప్పించి, దర్శకుడు ఈ తగాదాకి తనే నిప్పు రాజేశాడు. ఇన్నేళ్లుగా వచ్చిన వ్యాఖ్యానాలు కొన్ని దైవపరమైనవి, కొన్ని మనస్తత్వశాస్త్రానివి, కొన్ని పురాణాలు వెతికేవి. వాటిలో తెలివైనవి చాలానే ఉన్నాయి. అన్నీ పులి చుట్టూనే తిరిగాయన్నదే నా ఫిర్యాదు.

కథ క్లుప్తంగా. పాండిచ్చేరిలో జంతు ప్రదర్శనశాల నడిపే పటేల్ కుటుంబం జంతువులతో సహా ‘సిమ్‌సుమ్’ అనే జపాన్ సరుకు ఓడలో కెనడాకి వలస బయల్దేరుతుంది. పసిఫిక్‌లో తుఫానుకి ఓడ మునుగుతుంది. లైఫ్‌బోటులో చివరికి మిగిలినవాళ్లు పై పటేల్ అనే కుర్రాడు, కాలు విరిగిన జీబ్రా, ఒరాంగుటాన్, దుమ్ములగొండి, రిచర్డ్ పార్కర్ అనే పేరున్న బెంగాల్ పులి. దుమ్ములగొండి జీబ్రానీ ఒరాంగుటాన్‌నీ చంపుతుంది, దాన్ని పులి చంపుతుంది. 227 రోజుల తర్వాత కుర్రాడూ పులీ మెక్సికో ఒడ్డుకి చేరతారు. పులి వెనక్కి తిరిగి చూడకుండా అడవిలోకి వెళ్లిపోతుంది. ఆస్పత్రికి వచ్చిన జపాన్ బీమా అధికారులు ఈ కథ నమ్మరు. అప్పుడతను రెండో కథ చెబుతాడు. అందులో జంతువులుండవు. కాలు విరిగిన నావికుడు, అమ్మ, ఓడలో వంటవాడు, తను. వంటవాడు నావికుణ్ణి చంపి ఎరగా వాడతాడు, అమ్మని చంపుతాడు, కొడుకు వంటవాణ్ణి చంపుతాడు. ఏ కథ బాగుందని అడిగితే వినేవాళ్లు పులి కథే అంటారు. దేవుడి సంగతీ అంతే అంటాడు పటేల్.

ముందు ఆస్తికుల వాదన చూద్దాం. దీనికి పెద్దవాళ్ల మద్దతే ఉంది. సినిమాకి మూలమైన యాన్ మార్టెల్ నవల 2001లో వచ్చి, మరుసటేడు బుకర్ బహుమతి అందుకుంది. అమెరికా అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో బరాక్ ఒబామా అది చదివి, దేవుడున్నాడనడానికి ఇదొక చక్కటి నిరూపణ అన్న అర్థంలో రచయితకి ఉత్తరం రాశాడు. నిరూపణ ఇలా సాగుతుంది: రెండు కథల్లో దేన్నీ రుజువు చేయలేం. రెండిట్లోనూ ఓడ మునిగింది, కుటుంబం పోయింది. అలాంటప్పుడు మేలైన కథనే నమ్మితే పోయేదేముంది? అమెరికన్ తాత్వికుడు విలియం జేమ్స్ 1896లో ‘ద విల్ టు బిలీవ్’లో దాదాపు ఇదే వాదించాడు. సాక్ష్యం ఎటూ తేల్చనప్పుడు, తేల్చుకోకుండా ఉండటమూ కుదరనప్పుడు, మనసు మొగ్గిన వైపు నమ్మే హక్కు మనిషికి ఉందన్నాడు.

జేమ్స్ ఎవరికి జవాబు చెబుతున్నాడో చూస్తే విషయం ఇంకా రుచిగా ఉంటుంది. 1877లో ఇంగ్లిష్ గణితవేత్త విలియం క్లిఫర్డ్ ‘ద ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్’ అనే వ్యాసం రాశాడు. అది మొదలయ్యేదే ఒక ఓడతో. వలస వెళ్లే కుటుంబాలని ఎక్కించుకుని పాత ఓడ ఒకటి బయల్దేరబోతుంది. అది ప్రయాణానికి పనికిరాదేమోనని యజమానికి అనుమానం. బాగుచేయించాలంటే ఖర్చు. ఇన్నిసార్లు క్షేమంగా వెళ్లొచ్చింది, ఈసారీ దేవుడే కాపాడతాడని మనసుకి నచ్చజెప్పుకుంటాడు. నిజాయితీగానే నమ్ముతాడు కూడా. ఓడ నడిసముద్రంలో మునుగుతుంది. యజమాని బీమా డబ్బు పుచ్చుకుని నోరు మూసుకుంటాడు. చాలినంత సాక్ష్యం లేకుండా నమ్మడమే తప్పు, నమ్మకం నిజమైనా సరే, అంటాడు క్లిఫర్డ్.

వలస కుటుంబం, మునిగిన ఓడ, బీమా. ‘లైఫ్ ఆఫ్ పై’ తీసినవాళ్లు క్లిఫర్డ్‌ని దృష్టిలో పెట్టుకున్నారని నేననను. నవలలో ఆస్పత్రికి వచ్చేది జపాన్ రవాణా శాఖ ఉద్యోగులు, సినిమాలో బీమావాళ్లయ్యారు. కాకతాళీయమే కావచ్చు. అయినా ఈ రెండు ఓడలనీ పక్కపక్కన పెడితే ఆస్తికుల నిరూపణ ఎక్కడ సడలుతుందో తెలుస్తుంది. ఓడ గట్టిదే అన్నది కూడా యజమానికి మేలైన కథే, హాయిగా నిద్రపట్టే కథే. మేలైన కథ కనక నమ్మేయొచ్చంటే అతన్నీ తప్పుపట్టలేం. ఇష్టాన్ని రుజువు అనడానికి వీల్లేదు, ఎంత పెద్దమనిషి మెచ్చుకున్నా. అయితే క్లిఫర్డ్ సూత్రాన్ని పటేల్ మీద ప్రయోగించబోతే అదీ అతకదు. యజమాని నమ్మకానికి మూల్యం చెల్లించింది ఓడెక్కినవాళ్లు. పటేల్ నమ్మకానికి ఇంకొకరు మూల్యం చెల్లించిన జాడ సినిమాలో లేదు. చనిపోయినవాళ్లు చనిపోయారు, అతను మాత్రం ఆ జ్ఞాపకంతో బతకాలి. నమ్మకం మంచిదా చెడ్డదా అని తేల్చడానికి, దాని ఖర్చు ఎవరు భరిస్తున్నారన్నది సాక్ష్యమెంత అన్నదానికన్నా పనికొచ్చే ప్రశ్న అని నాకనిపిస్తుంది.

నాస్తికుల వ్యాఖ్యానం దీనికన్నా పకడ్బందీగా ఉంటుంది. వాళ్ల లెక్కలో జీబ్రా నావికుడు, ఒరాంగుటాన్ అమ్మ, దుమ్ములగొండి వంటవాడు, పులి కుర్రాడిలోని హంతకుడు. సినిమాలోనే కథ వినే రచయిత ఈ లెక్క కట్టేస్తాడు కనక ఇందులో కొత్త లేదు. కొత్త ఉన్నది వివరాల్లో. ఒరాంగుటాన్ చచ్చిపోయాక కుర్రాడు కత్తి పట్టుకుని దుమ్ములగొండి మీద అరుస్తాడు. సరిగ్గా ఆ క్షణంలోనే పులి టార్పాలిన్ కిందనుంచి మొదటిసారి దూకుతుంది. అంతకు ముందు అది ఎక్కడుంది? అతనిలోనే ఉందంటారు వీళ్లు. చిన్నప్పుడు తండ్రి మేకని పులికి వేసి చూపించి, దాని కళ్లలో నీకు కనిపించేది నీ భావాల ప్రతిబింబమేనని హెచ్చరించిన దృశ్యం దీనికి తాళంచెవి. ఒడ్డు చేరగానే పులి వెళ్లిపోవడమంటే, మనుషుల మధ్యకి వచ్చాక ఆ క్రూరత్వం అవసరం తీరిపోవడం.

ఈ వ్యాఖ్యానానికి అన్నిటికన్నా బలమిచ్చేది దీవి. పగలు తిండీ మంచినీళ్లూ ఇచ్చి రాత్రి ఆమ్లంగా మారి జీవాల్ని కరిగించేసే, మీర్‌క్యాట్‌లతో కిక్కిరిసిన నాచు దీవి. అక్కడ ఒక పువ్వులాంటి దాని రేకులు విప్పితే మధ్యలో మనిషి పన్ను ఉంటుంది. దూరం నుంచి చూస్తే దీవి పడుకున్న మనిషి ఆకారంలో ఉంటుంది. రెండో కథలో దీవికి జోడీ లేదు. అందుకే చాలామంది ఇక్కడ నరమాంసాన్ని చూశారు: బతికించినదీ అదే, అక్కడే ఉండిపోతే మనిషిగా మిగలనివ్వనిదీ అదే. నవలలో కుర్రాడు వంటవాణ్ణి చంపాక అతని మాంసం తిన్నట్టు దాపరికం లేకుండా చెబుతాడు. సినిమా అక్కడ గొంతు తగ్గించింది. పిల్లలూ చూసే సినిమా కాబట్టి అర్థం చేసుకోవచ్చు. కానీ ఆ తగ్గింపు వల్ల దీవి మరీ పొడుపుకథలా మిగిలింది.

పులి పేరు కూడా ఇటే చూపిస్తుంది. వేటగాడి పేరూ పులి పేరూ కాగితాల్లో తారుమారై దానికి రిచర్డ్ పార్కర్ అనే పేరొచ్చిందని సినిమా సరదాగా చెబుతుంది. ఆ పేరు వెనక సరదా ఏమీ లేదు. 1838లో ఎడ్గర్ అలన్ పో రాసిన సముద్రయాన నవలలో ఆకలికి తాళలేక చీటీలు వేసుకున్న నావికుల్లో చంపబడేవాడు రిచర్డ్ పార్కర్. 1884లో, అంటే పో నవల వచ్చిన 46 ఏళ్లకి, ‘మిన్యొనెట్’ అనే పడవ ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియా వెళ్తూ మునిగింది. చిన్న పడవలో మిగిలిన నలుగురిలో 17 ఏళ్ల పనికుర్రాణ్ణి చంపి మిగతావాళ్లు తిన్నారు. అతని పేరూ రిచర్డ్ పార్కరే. కెప్టెన్ డడ్లీనీ, అతని తోటివాడు స్టీఫెన్స్‌నీ ఇంగ్లండ్ కోర్టు విచారించింది. ప్రాణావసరం హత్యకి సాకు కాదని తీర్పిచ్చి మరణశిక్ష వేసింది, అది తర్వాత ఆరునెలల జైలుగా తగ్గింది. లా చదివినవాళ్లకి ఈ కేసు పరిచయమే. చిత్రమేమిటంటే, అక్కడ రిచర్డ్ పార్కర్ తినబడ్డవాడు, ఇక్కడ తినేవాడు. మార్టెల్ బలైనవాడి పేరుని క్రూరమృగానికి పెట్టాడు. ఇందులో నాకు వ్యంగ్యం కన్నా జాలి ఎక్కువ కనిపిస్తుంది: చంపినవాడూ ఒక రకంగా బలైనవాడేనన్న జాలి.

మూడో రకం వాళ్లు పురాణాలు వెతుకుతారు, వాళ్లకి సినిమా నిండా సరుకే. అమ్మ (హైదరాబాదు అమ్మాయి టబు వేసింది) కొడుక్కి కృష్ణుడు మన్ను తిన్న కథ చెబుతుంది. బాలుడి నోట్లో బ్రహ్మాండం కనిపించే బొమ్మని పిల్లాడు కామిక్ పుస్తకంలో కళ్లార్పకుండా చూస్తాడు. తర్వాత ఎప్పుడో రాత్రి పడవ అంచున కూచుని నీళ్లలోకి తొంగి చూస్తే సముద్రంలో అదే అనంతం. మొదటి చేపని చంపినప్పుడు శాకాహారి కుర్రాడు ఏడుస్తూ, చేప రూపంలో వచ్చి ప్రాణం నిలిపినందుకు విష్ణువుకి కృతజ్ఞత చెప్పుకుంటాడు. గుడి ఉత్సవంలో నీళ్ల మీద పవళించిన విష్ణువుని చూపించి, ఈ లోకమంతా ఆయన కల అన్న మాట వినిపిస్తారు. అందుకే దీవి ఆకారం కొందరికి చనిపోయిన తల్లిగా, కొందరికి శేషతల్పశాయిగా కనబడుతుంది. ఏది సరైనదని అడగడం నాకు వృథా అనిపిస్తుంది. పెట్టినవాడు రెండూ కనబడాలనే పెట్టాడు.

ఈ వరసలో సినిమా పేరెత్తని ఒక కథ మన పాఠకులకి వెంటనే తడుతుంది. భాగవతం పన్నెండో స్కంధంలో మార్కండేయుడు మాయ ఎలా ఉంటుందో చూడాలని కోరతాడు. లోకమంతా నీళ్లలో మునుగుతుంది. ఆ ప్రళయజలాల్లో మునీశ్వరుడు ఆకలిదప్పులతో, తిమింగిలాల మధ్య, యుగాల తరబడి ఒంటరిగా కొట్టుకుపోతాడు. మర్రాకు మీద పడుకున్న పసివాడు కనిపిస్తాడు. ఊపిరితో పాటు అతని లోపలికి వెళ్లి అక్కడ సమస్త లోకాన్నీ, తన ఆశ్రమంతో సహా చూసి మళ్లీ బయట పడతాడు. చేతులు చాచేసరికి పసివాడు మాయం, నీళ్లు మాయం, ముని తన ఆశ్రమంలోనే ఉన్నాడు. జరిగిందా, జరగలేదా? పురాణం ఆ ప్రశ్న దగ్గర ఆగదు. అలాంటి కథ వింటూ పెరిగినవాళ్లకి, పడవలో పులి ఉందా లేదా అన్నది చావోరేవో తేల్చాల్సిన సంగతిలా అనిపించక్కర్లేదు.

ఇక సినిమాగా ఇది ఎలా వాదిస్తుందో చూడాలి. విమర్శకులు ఎక్కువమంది మాటల్ని పట్టుకున్నారు, నాకు కెమెరా చేసిన పని ఎక్కువ ముఖ్యం. మొదటి కథకి ఆంగ్ లీ త్రీడీలో వెలిగే సముద్రాన్నీ, ఎగిరే చేపల్నీ, వెంట్రుక వెంట్రుకా కదిలే పులినీ ఇచ్చాడు. రెండో కథకి ఒక్క దృశ్యం కూడా ఇవ్వలేదు. ఆస్పత్రి మంచం, సూరజ్ శర్మ ముఖం, అతని గొంతు, అంతే. వంటవాడి ముఖమూ నావికుడి ముఖమూ ఓడలో ముందే ఒకసారి చూపించి ఉంచాడు కనక మన బుర్రలో బొమ్మ మనమే గీసుకోవాలి. ఇది తూకం సరిగ్గా పట్టడం కాదు. ఒక పళ్లెంలో రెండు గంటల వైభవం పెట్టి, రెండో పళ్లెంలో కొన్ని నిమిషాల మాట పెట్టి, ఏది బరువని అడగడం. పులి కథే బాగుందని అనిపించడంలో ఆశ్చర్యమేముంది? అయినా ఆ కొద్ది నిమిషాలే ఈ సినిమాలో నన్ను వదలనివి. కల్పించిన కథ కళ్లకి కనబడుతుంది, నిజమని అనుమానించే కథ చెవులకే వినబడుతుంది. నాస్తికులకి దర్శకుడు ఇచ్చిన అసలు కానుక ఇదే.

కనబడే ఆ పులి కూడా చాలావరకు కంప్యూటర్‌లో పుట్టిందే. దాన్ని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థకి అప్పట్లో హైదరాబాదులోనూ స్టూడియో ఉండేది, ఇక్కడి కళాకారులూ ఆ పనిలో పాలుపంచుకున్నారు. 2013 ఫిబ్రవరిలో సినిమా నాలుగు ఆస్కార్లు గెలిచింది, వాటిలో విజువల్ ఎఫెక్ట్స్‌ది ఒకటి. అదే నెలలో, వేడుకకి కొద్దిరోజుల ముందే, ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. లేని పులిని ఉందని నమ్మించినవాళ్ల కథలో ఈ భాగం ఎవరూ మేలైన కథ అనరు.

కొంచెం పక్క సినిమాలూ చూద్దాం. జో కార్నహన్ తీసిన ‘ద గ్రే’లో (2011) మంచు అడవిలో తోడేళ్ల మధ్య చిక్కిన లియామ్ నీసన్ ఆకాశం వైపు చూసి, ఏదో ఒకటి చూపించమని దేవుణ్ణి బూతులు తిడుతూ అడుగుతాడు. జవాబు రాదు. అయితే నేనే చేసుకుంటానని లేస్తాడు. పటేల్ కుర్రాడూ తుఫానులో అలాగే ఆకాశం మీదికి అరుస్తాడు: అన్నీ పోయాయి, లొంగిపోయాను, ఇంకేం కావాలి నీకు? మన గజేంద్రుడు మొసలి పట్టులో ఉండగా అసలాయన ఉన్నాడో లేడో అని సందేహపడ్డాకే పూర్తిగా శరణు కోరాడు. పోతన కథలో విష్ణువు పరుగున వస్తాడు. ‘ద గ్రే’లో ఎవరూ రారు. ‘లైఫ్ ఆఫ్ పై’లో మెరుపూ గాలీ వస్తాయి, అవి జవాబో కాదో చెప్పరు.

2023లో బయోనా తీసిన ‘సొసైటీ ఆఫ్ ద స్నో’ ఇంకో కొసన ఉంటుంది. 1972లో ఉరుగ్వే రగ్బీ జట్టు విమానం ఆండీస్ కొండల్లో కూలింది. 45 మందిలో 16 మంది 72 రోజుల తర్వాత బతికి బయటపడ్డారు, చనిపోయినవాళ్ల శరీరాలు తిని. వాళ్లకి పులి కథ అవసరం కాలేదు. పత్రికలవాళ్ల ముందే ఒప్పుకున్నారు, క్రీస్తు చివరి విందులో తన శరీరాన్ని పంచడంతో దాన్ని పోల్చి చెప్పారు. ఘోరాన్ని దాచకుండానే భక్తి దానికి భాష ఇవ్వగలదని దీంతో తెలుస్తుంది. భక్తి అంటే కఠోరసత్యం మీద కప్పే రంగుబట్ట అనేవాళ్లు ఆండీస్ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి. అయితే ఆండీస్‌లో వాళ్లు చంపలేదు, ఒకరికొకరు అనుమతి ఇచ్చుకున్నారు. పటేల్ పడవలో జరిగింది హత్య. అతనికి పోలిక చెప్పుకునే విందు లేదు.

ఇప్పుడు ఓడ సంగతి. బీమా అధికారులు మెక్సికో దాకా వచ్చింది పులి కోసం కాదు. ఓడ ఎందుకు మునిగిందో కనుక్కుని నివేదిక రాసుకోవడానికి. రెండు కథలూ విన్నాక కూడా వాళ్లకి అది తెలియదు. ఏ కథా ఓడ మునగడానికి కారణం చెప్పదని పటేల్ స్వయంగా అంటాడు. ఆ మాటని ఆస్తికులూ నాస్తికులూ కూడా, రెండు కథలూ సమానమే అనడానికి ఒక మెట్టుగా వాడుకుని దాటిపోతారు. నాకు అక్కడే సినిమా అంతా ఉన్నట్టుంది. పులి ఉన్నా లేకపోయినా అమ్మా నాన్నా అన్నా చచ్చిపోయారు. ఎందుకు? పులి కథ నమ్మినవాడికీ దానికి జవాబు లేదు, వంటవాడి కథ నమ్మినవాడికీ లేదు.

బైబిల్లో యోబు అడిగింది ఇదే. పిల్లలు పోయి, ఒళ్లంతా కురుపులై, ఎందుకని దేవుణ్ణి నిలదీస్తాడు. చివరికి సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు గాని కారణం చెప్పడు. సముద్రం గురించి, తుఫాను గురించి, సింహం, అడవిగాడిద, గద్ద, సముద్రపు మహాజంతువు గురించి చెబుతూ పోతాడు. కుర్రాడికి పడవలో దొరికిందీ ఇంచుమించు అదే: కారణం కాదు, మృగాలూ సముద్రమూ. ఓడ పేరు ‘సిమ్‌సుమ్’ కావడం వెనక ఉన్నదీ ఇదే ఆలోచన. 16వ శతాబ్దపు యూదు మార్మికుడు ఐజాక్ లూరియా బోధ ప్రకారం, దేవుడు తనని తాను కుదించుకుని వెనక్కి తగ్గి, ఖాళీ చేసిన చోటే లోకం. పెద్దయ్యాక పటేల్ విశ్వవిద్యాలయంలో కబాలా పాఠం చెబుతాడని సినిమా ఒక ముక్కలో అంటుంది, గమనించకపోతే జారిపోతుంది. ‘సిమ్‌సుమ్’ మునిగిన చోట మిగిలింది ఆ ఖాళీ. అక్కడ అతను రోజూ చేపలు పట్టాడు, వాననీళ్లు నింపాడు, పులికి మేత వేశాడు, ప్రార్థించాడు. భక్తి అక్కడ ఓదార్పు కన్నా దినచర్యలా ఉంది. సినిమాలో మతం గురించి నాకు నమ్మబుద్ధేసిన భాగం అదే. హిందువుగా, క్రైస్తవుడిగా, ముస్లింగా ఒకేసారి ఉండాలనుకున్న చిన్నపిల్లాడి ముచ్చట చూడ్డానికి బాగుంటుంది గాని, అన్నిటినీ నమ్మడమంటే దేన్నీ నమ్మకపోవడమేనన్న తండ్రి మాటకి ఆ భాగంలో గట్టి జవాబు లేదు. జవాబు పడవలో ఉంది.

అందుకే ‘దేవుడి సంగతీ అంతే’ అన్న పటేల్ మాటని నేను నిరూపణగా తీసుకోను. నిరూపణగా అది క్లిఫర్డ్ ఓడ యజమాని ముందు నిలబడదు. తప్పించుకోవడంగానూ తీసుకోను, ఎందుకంటే రెండో కథని అతను చెప్పాడు, దాచలేదు. అధికారుల నివేదికలో చివరికి పులి కథే చేరింది. ఓడ మునగడానికి కారణం మాత్రం వాళ్లకీ దొరకలేదు, ఊరికే ఊహించి రాయనూ లేదు. ఆ మేరకు వాళ్లే ఈ సినిమాలో అందరికన్నా నిజాయితీ గల వ్యాఖ్యాతలు. మళ్లీ చూసేవాళ్లు ఈసారి పులిని కాసేపు పక్కనపెట్టి, ఆస్పత్రి గదికి ఆ ఇద్దరూ ఏ పని మీద వచ్చారో, ఆ పని పూర్తయిందో లేదో గమనించండి.